పెద్దల వరుసలో ప్లగిన్లు

ఆ రోజుల్లో తప్పు చేస్తే దాచుకోవడానికి కాస్త చోటుండేది. పెళ్లిపత్రికలో అచ్చుతప్పు పడితే ఆ కాగితం చింపేస్తే సరి, సాక్ష్యం ఉండదు. ఆ ధీమాతోనే నేను రాయలసీమ సాఫ్ట్‌వేర్ మొత్తాన్నీ ఒంటిచేత్తో నడిపాను. (మొత్తం కాదులెండి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో పత్రికలు వేసే నాలుగు షాపులు.) అప్పటికి నేను కుర్రవాణ్ణే, అరవై నిండలేదు. మేము పత్రికలు కూర్చడానికి వాడే ఉచిత ప్రోగ్రాముకు ఒకరు పూలంచు, ఒకరు ఉర్దూ అక్షరాలు, ఇలా ఎవరికి తోచిన అదనపు హంగు వాళ్లు రాసి తగిలించేవాళ్లం. వాటినే ప్లగిన్లంటారు. నా వంతు మామిడాకుల తోరణం. ఆ కోడంతా ఇంటర్నెట్‌లో ఒకేచోట, రిపోజిటరీ అనే ఉమ్మడి అలమారాలో, కుప్పగా పడి ఉండేది. పెద్దవాణ్ణని సర్దే పని నాకిచ్చారు.

మాలో నిజంగా కోడు తెలిసిన పులివెందుల అమ్మాయి ముందే చెప్పింది: "పెద్దనాయనా, ఏది ఏం జేస్తాదో ఒక జాబితా రాయి, సాలు. యాడివి ఆడ్నే ఉండనీ, కదిలించగాకు."

ముప్ఫయ్యేళ్లు పత్రికలు కూర్చిన చెయ్యి ఊరుకుంటుందా? పెద్దల పేరు కిందికి జారితే పెళ్లిళ్లే ఆగిపోవడం చూసినవాణ్ణి. (ఆగలేదు. ఒక మేనమామ అన్నం తినకుండా పోయాడు.) అందుకని ప్లగిన్లన్నిటినీ రాసినవాళ్ల వయసు ప్రకారం పేర్చాను. నాది మొదటినుంచీ పైనే ఉంది కాబట్టి కదిలించే పని పడలేదు.

మర్నాడు పొద్దున్నే జమ్మలమడుగు భాయి ఫోను. "ఏం జేసినావప్పా! ఉర్దూ అచ్చరాలు యాడికి పోయినాయి? నా బిడ్డ నిఖా కార్డులప్పా ఇయ్యి! సాయంత్రం కువైట్ బస్సెక్కే మనిషి చేతికియ్యల్ల, ఆడ వాళ్లన్న కాసుకోనుండాడు. తెరిస్తే నీ మామిడాకులొక్కటే కనబడతాండాయి!"

"కువైట్‌కు బస్సేంది భాయ్?"

"మద్రాసు ఎయిర్‌పోర్టుకప్పా! ఇప్పుడా నీ పరాచికాలు?"

ప్రోగ్రాము ప్రతి ప్లగిన్‌నూ పాత చిరునామాలోనే వెతుక్కుంటుందట. నేను అందరి ఇళ్లూ మార్చేశాను. "ఇది అంతర్జాతీయ దొంగల పని భాయ్" అన్నాను గంభీరంగా. కానీ చెల్లెలి పెళ్లికార్డు కోసం ఎదురుచూసే ఆ అన్న కళ్లముందు మెదిలితే, మధ్యాహ్నం అన్నం ముందునుంచి లేచాను. పులివెందులకు ఫోను చేశాను. "అమ్మా, ఆ దొంగను నేనే."

"తెల్సు పెద్దనాయనా. ఎవరు ఏది కదిలించినా పేరుతో రాసిపెట్టుకుంటాది ఆ అలమారా. పొద్దున్నే అన్నీ ఎనక్కి పెట్టేసినా, కార్డులు గూడా అచ్చయిపోయినాయి. నువ్వెప్పుడు జెప్తావా అని సూస్తాండా."

ఆ రిపోజిటరీ చరిత్రలో నా పేరూ, దాని కింద నేనే గర్వంగా రాసిన 'పెద్దల వరుస సరిచేయడమైనది' అన్న వాక్యమూ ఇప్పటికీ ఉన్నాయి. తుడిచేయమని అప్పట్లో బతిమాలాను, కుదరదంది. ఇప్పుడు తుడుస్తానన్నా నేనొప్పుకోను. నా మామిడాకులు ఎవరూ వాడటం లేదు. ఆ అలమారాలో నేనున్నానని చెప్పేది ఆ తప్పొక్కటే.