హారనక్క తెరిచిన దారి

డిపోలో ఆమెని అందరూ హారనక్క అంటారు. ఆమె బస్సు డ్రైవరు. హారన్ కంటే ఆమె గొంతే ముందు వినిపిస్తుందని కండక్టరు పెట్టిన పేరు అది.

భర్త ఎలక్ట్రీషియన్. స్తంభం మీంచి పడ్డ దగ్గర్నుంచి అతనికి మూర్ఛ వస్తోంది. ఆమె డ్యూటీలో ఉన్నంతసేపూ ఇంట్లో ఒక్కడే. అందుకని ఒక పాత కెమెరా కొని గదిలో బిగించింది. ప్రతి ట్రిప్పు చివరా ఫోన్‌లో అతన్ని చూసుకున్నాకే మంచినీళ్ళు తాగేది.

అది ఊరికే కుదరలేదు. ఇంట్లోంచి అడిగినదానికి జవాబు వస్తే నెట్ కంపెనీవాళ్ళు పెట్టిన బాక్స్, అదే రౌటర్, లోపలికి రానిస్తుంది. బయటినుంచి తనంతట తానుగా వచ్చినదాన్ని మాత్రం ఎవరికివ్వాలో తెలియక గుమ్మంలోనే ఆపేస్తుంది. ఫలానా నంబరు మీద వస్తే కెమెరాకి పంపమని అందులో రాసిపెట్టాలి. ఆ ఒక్క ముక్క నేర్చుకోవడానికి ఆమెకి మూడు ఆదివారాలు పట్టింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం ఫోన్‌లో గది కనబడలేదు. భర్తకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బస్సు నిండా జనం. పళ్ళు బిగించి తిరుగు ట్రిప్పు నడిపి, బండి డిపోలో అప్పగించి ఇంటికి పరుగెత్తింది. అతను మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉన్నాడు. మోచెయ్యి చీరుకుపోయింది. గంటన్నరగా అలాగే ఉన్నాడట.

“ఇందాక నెట్ కంపెనీవాడొచ్చి బాక్స్ మార్చి వెళ్ళాడే,” అన్నాడు నీరసంగా.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే మూడుసార్లూ ఒకటే మాట: “ఒకసారి ఆపి ఆన్ చెయ్యండి మేడమ్.” మర్నాడు బాక్స్ మార్చిన టెక్నీషియనే వచ్చాడు.

“ఆ సెట్టింగులతో మాకు సంబంధం లేదమ్మా. అవి ఇంజనీర్లు చూసుకునేవి. మీకెందుకా తలనొప్పి?”

“నేను రాసింది పీకేసేముందు ఒక్క మాట అడగాలనిపించలేదా?”

“నెట్ వస్తోందిగా!”

“నెట్ వస్తోంది. నా మొగుడు కనబడట్లేదు!”

ఆ అరుపుకి పక్కింటి తలుపు తెరుచుకుంది. అతను సంచి సర్దుకుని చల్లగా మెట్లు దిగిపోయాడు.

ఆ కోపంతోనే కంప్యూటర్ ముందు కూర్చుంది. బాక్స్ అడుగున అంటించిన పాస్‌వర్డ్‌తో సెట్టింగులు తెరిచి, తన పాత నోట్సు చూసి రాసింది. గది కనబడలేదు. తుడిచి మళ్ళీ రాసింది. ఊహూఁ. బల్ల మీద గుద్దింది.

“నన్ను గుద్దకపోతే చాలు,” అన్నాడు భర్త. ఆమె నవ్వలేదు.

నాలుగోసారి చూస్తే తెలిసింది. కొత్త బాక్స్ కెమెరాకి ఇంటి నెట్‌లో కొత్త అడ్రస్ ఇచ్చింది. తను ఎవరూ లేని పాత అడ్రస్‌కే పంపుతోంది. అది దిద్ది, ఇకమీదట మారకుండా కట్టేసి, బయటినుంచి కనబడుతుందో లేదో చూడ్డానికి ఫోన్‌లో వైఫై ఆపి వీధిలోకి వెళ్ళింది. తెర మీద భర్త కట్టు కట్టిన చెయ్యి ఊపుతున్నాడు. నడిరోడ్డు మీద ఏడ్చేసింది. ఏడుస్తూనే ఆ కంపెనీని తిట్టింది.

రెండు రోజులకి కంపెనీ నుంచి ఫోన్.

“మా సర్వీసుకి ఎన్ని స్టార్లు ఇస్తారు మేడమ్?”

హారనక్క జరిగిందంతా చెప్పింది. అవతలి అమ్మాయి టైపు చెయ్యబోయి ఆగింది.

“సారీ మేడమ్. ఇదంతా రాయడానికి నాకిక్కడ చోటు లేదు. స్టార్లే ఉన్నాయి.”

“అయితే సున్నా పెట్టు తల్లీ.”

“సున్నా లేదు మేడమ్. ఒకటి నుంచే.”

“నీ తప్పేం లేదులే. మీ పైవాణ్ణి పిలువు. నేను లైన్‌లోనే ఉంటా,” అని హారనక్క పొయ్యి ఆపేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.