జానమ్మకు రిజర్వు

మా కాలనీకి కొత్తవాళ్లెవరైనా వస్తే దారి చెప్పడం మొన్నటిదాకా పెద్ద తమాషా. "హైవే దిగంగనే గోడ మీద సిమెంటు బస్తా కనబడ్తది, ఆడ మలుగు" అనేవాళ్లం. ఆ బస్తా బొమ్మ ఉన్నది జానమ్మ పెద్దమ్మ ఇంటి గోడ మీద. ఆర్నెల్లకు బస్తా పోయి మొలలకు గ్యారంటీ వైద్యం వచ్చింది. అప్పటి నుంచి "మొలల డాక్టరు కాడ మలుగు" అనాల్సి వచ్చేది. ఆమె భర్త సైదులు టోల్‌గేటు దగ్గర జామకాయలు అమ్ముకుంటాడు. ఊళ్లో పోకిరీలు ఆయన్ను డాక్టరు సాబ్ అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. పెద్దమ్మకు మాత్రం ఒళ్లు మండేది.

మండదా మరి? కేతేపల్లి దగ్గర హైవే మీద పోయేవాళ్లకూ వచ్చేవాళ్లకూ కళ్లకెదురుగా నిలిచే గోడ అది. దాన్ని చూస్తే పెయింటర్ జానీకి నోరూరుతుంది. అడిగేది లేదు, చెప్పేది లేదు. పొద్దున పెద్దమ్మ ఊరి నర్సరీలో మొక్కలకు నీళ్లు పట్టడానికి పోతుంది. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి గోడ మీద ఎవరో దండం పెడుతూ నవ్వుతుంటారు.

ఒక గోడ కోసం ఇంత రంధి ఎందుకని నేనూ ఒకసారి అడిగాను. అప్పుడు చెప్పింది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమె పని ఊళ్లోని పెద్ద ఇళ్లకు సున్నం వేయడమే. పండుగలు దగ్గర పడితే కబురొచ్చేది. సున్నం నానబెట్టి, పైన తెల్లగా కొట్టి, కింద ఎర్రమన్ను జాజుతో పట్టీ తీర్చేది. ఆ పట్టీ తాడు కట్టి గీసినట్టుండేదని ఊరంతా మెచ్చుకునేది. పని మాత్రం బయటి గోడల వరకే. గడప లోపలి పని వేరేవాళ్లది.

"ఊర్ల బయటి గోడలన్నీ నా చేతి మీదనే తెల్లబడ్డయి బిడ్డా. లోపటి గోడలు ఏ రంగున్నయో నాకిప్పటికీ తెల్వది" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

తర్వాత గుడిసె పోయి సర్కారు సాయంతో స్లాబు ఇల్లు వచ్చింది. సిమెంటు పూత పూసుకోవడానికే ఏళ్లు పట్టింది. అప్పటి నుంచి ప్రతి క్రిస్మస్ ముందు ఆమె గోడకు సున్నం వేసుకోవడం, నక్షత్రం కట్టే వేళకు దాని మీద ఎవడో ఏదో రాసిపోవడం. జానీని పట్టుకుని దులిపితే వాడి జవాబు ఒకటే.

"ఖాళీ గోడ కనబడితె ఎవడన్న రాస్తడు పెద్దమ్మా. నేను గాకపోతె ఇంకొకడు."

"ఖాళీగ లేదురా, తెల్లగ ఉన్నది" అనేది పెద్దమ్మ. వాడికి ఆ తేడా తెలిస్తే కదా.

పోయిన ఏడు ఆమె పంతం పట్టింది. ఈ క్రిస్మస్‌కు ఇల్లు బయటి నుంచి కూడా తమ ఇల్లులా కనబడాలి. కనబడి, పండుగ దాకా అట్లాగే నిలవాలి. ముందు కంచె. సైదులు జీవితమంతా ఊరి వాళ్ల చేలకు కడీలు పాతాడు. ఆ రాతి స్తంభాలు తన వాకిలి చుట్టూ పాతుతుంటే ఆయన చెయ్యే ఆయనకు కొత్తగా అనిపించిందేమో, ఒక్కొక్కదాన్నీ దూరంగా నిలబడి ఒంటి కన్నుతో చూసుకున్నాడు.

"పొలం గట్టనుకున్నవా? ఇల్లయ్యా, ఇల్లు" అని పెద్దమ్మ కసిరింది.

కడీలకు ఇనుప జాలి బిగించాక మొక్కలు వచ్చాయి. ఊరందరి వాకిళ్లలో ఉన్నవి ఆమె నర్సరీలో పెంచిన మొక్కలే. ఆమె వాకిట్లో మాత్రం ఏది నాటినా బీరన్న మేకలు మేసిపోయేవి. ఇప్పుడు మందారం, నందివర్ధనం, కంచె పొడుగునా బంతి నాటింది. మేకలు జాలికి ముక్కులానించి చూసి పోయాయి. ఆ రోజు ఆమె మొహంలో వెలుగు చూడాలి.

ఇక రంగు. నేను కూడా నకిరేకల్ దుకాణానికి వెంట పోయాను. గులాబీ బాగుంది అంటే ఒక పార్టీది. కాషాయం ఇంకొకరిది. ఎరుపు ఎవరిదో నల్గొండ జిల్లాలో చంటిపిల్లను అడిగినా చెబుతుంది. పసుపు, నీలం, ఆకుపచ్చ, దేన్ని ముట్టుకున్నా ఎవరో ఒకరి జెండానే. దుకాణం వాడు తల పట్టుకున్నాడు.

"వంకాయ పువ్వు రంగున్నదా?" అని అడిగింది పెద్దమ్మ.

ఉంది. దాన్ని ఏ పార్టీ వాళ్లూ ఇంకా చూసినట్టు లేదు.

డబ్బాలతో ఇంటికి వచ్చామో లేదో పంచాయతీ ఎన్నికల కబురు పడింది. ఎన్నికలు, క్రిస్మస్ ఒకే నెలలో. రంగు వేసిన మర్నాడే దాని మీద కత్తెరో ఉంగరమో గుర్తు పడడం ఖాయం. ఊళ్లో ఎక్కడ విన్నా ఒకటే మాట: రిజర్వు. సర్పంచ్ పదవి ఈసారి ఆడవాళ్లకు రిజర్వు, ఆ వార్డు వీళ్లకు రిజర్వు, ఆ గోడ వాళ్లకు రిజర్వు. పెయింటర్లలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరు సున్నం కొట్టి రిజర్వు అని రాసిన గోడను ఇంకొకరు ముట్టరు.

పెద్దమ్మ ఇవన్నీ విని, సాయంత్రం సున్నం బకెట్టుతో నా దగ్గరకు వచ్చింది.

"బిడ్డా, జర రిజర్వు అని రాయి. పేరు నేను రాస్త."

ఉపాధి పనిలో వేలిముద్ర వేయనని మొండికేసి ఆమె నేర్చుకున్న రాత ఆ ఒక్క పేరే. నేను గోడ మీద 'రిజర్వు' అని రాశాను. దాని పైన ఆమె కుంచె పట్టి, నాలుక బయటపెట్టి, ఇంతింత అక్షరాలతో 'జానమ్మకు' అని రాసింది. ఆ 'కు' నేను చేయి పట్టి రాయించాను.

తెల్లారేసరికి ఊరు అట్టుడికిపోయింది. జానమ్మ సర్పంచ్‌గా నిలబడుతోందట! తన భార్య రమను నిలబెట్టిన వెంకన్న పటేల్ పొద్దున్నే కారులో దిగాడు. పక్కన రమ, వెనక స్కూటీ మీద రంగు డబ్బాలతో జానీ. ఏనాడూ "ఏయ్ జానా" తప్ప అనని మనిషి ఆ రోజు నోరారా "జానమ్మక్కా" అన్నాడు.

"ముందుగాల ఒక మాట చెప్పొద్దా అక్కా? ఎవలు నిలబెట్టిన్రు నిన్ను?"

"నేను నిలబడలే పటేలా. నా గోడ నిలబడ్డది."

వెంకన్నకు ఊపిరి వచ్చింది. "గట్లనా! అయితె ఫికర్ లేదు. జానీ, కొట్టెయ్."

జానీ కదల్లేదు. "రిజర్వు గోడ మీద కుంచె పెట్టనన్నా. రేపు నా గోడ మీద ఇంకొకడు పెడ్తడు."

వెంకన్న మొహం ఎర్రబడింది. పెద్దమ్మ కంచె గేటుకు చేయి ఆనించి నిలబడింది. గొంతు పెంచలేదు.

"మీ ఇంటి బయటి గోడ ఎన్నేండ్లు తెల్లగ జేసిన్నో మీకు యాదికున్నదో లేదో. ఏనాడన్న మీ లోపటికొచ్చిన్నా? నా బయటికి మీరు రాకుర్రి."

రమే ముందుగా కారు వైపు తిరిగింది. "అక్క జెప్పింది నిజమే. పా, పోదాం" అంది. నాకు గంతులెయ్యాలనిపించింది. ఇంత వయసొచ్చి బాగుండదని ఆగాను.

వారం తిరక్కుండా కాలనీలో ఉప్పలమ్మ గోడ ఉప్పలమ్మకు, కోమల గోడ కోమలకు రిజర్వు అయిపోయాయి. గుర్తులన్నీ ఊరవతల కాలువ మీది మోరీ గోడల మీదికి పోయాయి. ఎన్నికల్లో రమ గెలిచింది. మా వీధి ఓట్లు ఎటు పడ్డాయో నేను చెప్పను.

క్రిస్మస్ ముందు జానీ తనంత తానే నిచ్చెనేసుకుని వచ్చాడు. వంకాయ పువ్వు రంగు గోడ మీద పరుచుకుంటుంటే బస్సుల్లో జనం తలలు తిప్పి చూశారు. కంచె లోపల బంతి విరగబూసింది. సైదులు నక్షత్రం పట్టుకుని నిలబడ్డాడు. అంతా అయ్యాక పాత సున్నపు అక్షరాలొక్కటే మిగిలాయి. జానీ కుంచె ముంచి, "దీని మీద గూడ కొట్టెయ్యాల్నా పెద్దమ్మా?" అని అడిగాడు.

పెద్దమ్మ రోడ్డు దాకా వెనక్కి నడిచి, సైదులు లాగానే ఒంటి కన్నుతో చూసింది.

"రిజర్వు మీద, ఆ 'కు' మీద కొట్టెయ్. పేరుండనీ."