మేకుకు తగిలించిన గుండ్రం

పొద్దున్నుంచి షారోన్‌కు కాలు ఒక్కచోట నిలవడం లేదు. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది, గోడమీది బొమ్మల అట్టలు రెండుసార్లు సర్దింది. శ్రీరాంపూర్ బొగ్గుబావి కార్మికుల కాలనీలో పదకొండేళ్లుగా అంగన్‌వాడీ టీచర్. పిల్లల ముక్కులు తుడవడం దగ్గర్నుంచి చర్చిలో ఆదివారం బడి నడపడం దాకా ఏ పనికీ జంకని మనిషి. ఆ రోజు మాత్రం జంకుతోంది.

సూపర్‌వైజర్ పద్మలత వస్తోంది. కిందటిసారి వచ్చినప్పుడు ఆకారాల పేర్లు అడిగితే నాలుగేళ్ల అమూల్య నోరు విప్పలేదని రిజిస్టర్‌లో పేరు కింద ఎర్రగీత గీసింది. ఈసారీ మాట్లాడకపోతే 'ఎదుగుదల తక్కువ' అని రాసేస్తుంది. ఆ మాట ఒక్కసారి కాగితం ఎక్కిందంటే ఇక కాలనీ నోటికి తాళం ఎవరు వేస్తారని షారోన్ భయం.

అందుకే నెల రోజులు ఆ పిల్ల వెంట పడింది. సకినం చూపించి గుండ్రమంది. సమోసా చూపించి మూడు మూలలంది. అమూల్య సమోసా తినేసి ఊరుకుంది. గుండ్రంగా ఏది చూపించినా తలుపు వైపు తిరిగేది. పెంకితనం అనుకుని షారోన్ రెండుసార్లు కసిరింది కూడా.

పద్మలత వచ్చింది. కుర్చీలో కూర్చుని, దారం కట్టిన గుండ్రపు అట్ట ఎత్తి చూపింది.

"ఇదేంటమ్మా?"

అమూల్య తలుపు వైపు చూసింది. "బాపు" అంది.

పిల్లలు గొల్లున నవ్వారు. పద్మలత పెన్ను మూత తీసింది. షారోన్ ఒక్క అంగలో ముందుకొచ్చింది.

"జర ఆగుండ్రి మేడం!" అంటూ అమూల్య ముందు గొంతుక్కూర్చుంది. "బాపు ఏడున్నడు బిడ్డా?"

"డ్యూటీల. మేకుకు లేడు."

షారోన్‌కు ఏమీ అర్థం కాలేదు. మనవరాలిని ఏమంటారోనని గడపలో నిలబడ్డ దుర్గవ్వ తల కొట్టుకుంది.

"నా తప్పే టీచరమ్మా. తల్లి లేని పోరి, దినాం బాపు కోసం ఏడుస్తది. బావిల దిగేటప్పుడు హాజరుకు చూపే గుండ్రటి ఇత్తడి బిళ్ళ ఉంటది గద, ఇంటికి రాంగనే గాయన తలుపు పక్క మేకుకు తగిలిస్తడు. బిళ్ళ మేకుకుంటే బాపు అచ్చినట్టు, లేకుంటే బావిల ఉన్నట్టు అని చెప్పిన. గప్పటి సంది గుండ్రంగ ఏది కనవడ్డా తలుపు దిక్కే చూస్తది."

షారోన్ తల వంచుకుంది. ఆమె కూడా బొగ్గుబావి కార్మికుడి కూతురే. షిఫ్టు దిగే వేళ దాటిపోతే ఇంట్లో ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పాలా? కాలనీ అంతా తిప్పి గుండ్రాలు చూపించింది గానీ ఆ ఇంటి గడప ఒక్కసారైనా తొక్కలేదు. కసిరినందుకు తనమీద తనకే ఒళ్లు మండింది.

"గుండ్రం దీనికి ఎరుకే మేడం. మనకంటే బాగ ఎరుక" అంది.

పద్మలత రిజిస్టర్‌లో 'గుర్తుపట్టింది' అని రాసి, అట్టను అమూల్య చేతిలో పెట్టింది.

ఆ పిల్ల ఒక్క పరుగున తలుపు దగ్గరికి వెళ్లింది. పిల్లలు నీళ్ల సీసాలు తగిలించే మేకుకు అట్టను వేలాడదీసింది.

"ఇగ అస్తడు" అని గడపలో కూర్చుని రోడ్డు వైపు చూడసాగింది.

షిఫ్టు దిగడానికి ఇంకా నాలుగు గంటలుంది. పొద్దున్నుంచి ఒక్కచోట నిలవని షారోన్, వెళ్లి పిల్ల పక్కన కూర్చుంది.