కొట్టం దాకా నీళ్ళు

పెరట్లో ఇనప బకెట్ల చప్పుడు వినబడితే ఐదైందని ఆమె లేచేది. పద్దెనిమిదేళ్ళు అలాగే లేచింది. భర్త రెండు చేతులా రెండు బకెట్లు పట్టుకుని, ఇంటి వెనక దిమ్మె మీదున్న నీళ్ళ ట్యాంకు దగ్గర్నుంచి దిగువన ఉన్న పశువుల కొట్టం దాకా నడిచేవాడు. పొద్దున పన్నెండు విడతలు, సాయంత్రం పన్నెండు విడతలు. నిండు బకెట్లు మూగగా వెళ్ళేవి, ఖాళీవి మోగుతూ తిరిగొచ్చేవి. ఆమె వంటింట్లో ఉండి ఆ మోతనిబట్టి ఎన్నో విడత నడుస్తోందో చెప్పగలిగేది.

ఇప్పుడు ఐదింటికి ఏ చప్పుడూ ఉండదు. ఆమె అంతకుముందే లేచి మంచం మీద కూర్చుని ఉంటుంది. బకెట్లు ఇప్పుడు ఆమే మోస్తోంది. ఆయన ముప్పావుగంటలో ముగించే పనికి ఆమెకు రెండు గంటలు పడుతోంది. కుడి భుజం పట్టేసింది. సగం నీళ్ళు పాదాల మీదే ఒలికిపోతున్నాయి. ఆవులనే ట్యాంకు దగ్గరికి తోలుకొద్దామని ఒకరోజు ప్రయత్నించింది. అవి దారిలో చిక్కుడు పాదులన్నీ మేసేసి, దాహం సంగతే మర్చిపోయాయి.

ఊరంతా ఆయన్ని గడియారం అని పిలిచేవాళ్ళు. అసలు పేరు పోస్టుమాస్టరుకే గుర్తుండేదేమో. ఆయన బకెట్లు ఎత్తితే ఎదురింటి దుకాణందారు తలుపులు తీసేవాడు. ఆమె గడియారం ఇల్లాలు. చదివింది నాలుగో తరగతి. ఆ తర్వాత తమ్ముళ్ళను ఎత్తుకోవడానికి మనిషి కావాలని బడి మానిపించారు. పెళ్ళయ్యాక అత్తగారి మాట, మామగారి మాట విన్నది. వాళ్ళు పోయాక ఆయన మాట విన్నది. పిల్లలు కలగలేదు. దాని గురించి మాట్లాడాల్సిందంతా ఊరు మాట్లాడేసి ఊరుకుంది. కొట్టం మాత్రం ఆమె చేతుల మీదుగా లేచింది. ఆయన గోడ పెడుతుంటే ఒక్కొక్క ఇటుకా అందించింది. తెల్లావు, ఎర్రావు, దాని దూడ ముగ్గురూ ఆ కొట్టంలో పుట్టినవాళ్ళే.

మూడు నెలల క్రితం ఆయన క్షవరానికి వెళ్ళి మంగలి కుర్చీలోనే తల వాల్చేశాడు. నిద్రపోయాడనుకుని మంగలి ఒక చెంప గీసేశాడట. సంగతి తెలిశాక రెండో చెంప ఏడుస్తూ గీశాడు. “సగం గడ్డంతో ఇంటికి పంపడానికి చేతులు రాలేదమ్మా” అన్నాడు.

బావగారు, అంటే ఆయన అన్నగారు, వారానికోసారి వచ్చి చూసి వెళుతున్నారు. మంచి మనిషే. కాకపోతే ఎదుటివాళ్ళ మంచి కూడా తనే చూసేస్తారు.

“అమ్మాయ్, ఆ చెయ్యి చూడు, పైకి లేవట్లేదు. పాలు చూస్తే సగానికి పడిపోయె. నీళ్ళు చాలని ఆవు పాలెక్కడిస్తుంది? వచ్చే ఆదివారం బేరగాణ్ణి తీసుకొస్తా. మూడింటినీ ఇచ్చేద్దాం.”

“నీళ్ళే కదా బావగారూ ఇబ్బంది? పైపు వేయించుకుంటాను.”

“తవ్వేదెవరు? కూలీలంతా కోతలకి పోయిరి.”

“నేనే.”

బావగారికి నవ్వొచ్చింది. “సరే, ఆదివారం లోపు కొట్టానికి నీళ్ళొస్తే ఇక నేను నోరెత్తనులే” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

సోమవారం ప్లంబరు వచ్చాడు. నోట్లో మేకులు పెట్టుకుని కూడా మాట్లాడగల మనిషి. “మనకి కొలతలెందుకక్కా, గడియారం బావ నడిచిన దారి ఉండనే ఉందిగా! దారం పట్టి గీసినట్టుంది” అంటూ ఆ దారి మీదే వరసగా గూటాలు పాతాడు. నల్ల పైపు చుట్ట ఒకటి దింపాడు. “మోకాలి లోతు తవ్వు. తక్కువైతే ఆవు కాలేసిందంటే పైపు నలుగుద్ది. పైపు సరిగ్గా సరిపోద్ది, వంకర్లు పోయావో, చాలదు. శనివారం మధ్యాహ్నం వస్తా.”

అతను అటు వెళ్ళగానే ఆమె గూటాలన్నీ పీకి నాలుగడుగులు ఎడమకు జరిపి పాతింది.

గడియారం నడిచిన దారి రెండు జానల వెడల్పున, తెల్లగా, కాస్త గుంటపడి ఉంది. దాని మీద గడ్డి మొలవదు. వాన పడితే ముందు అక్కడే నీళ్ళు నిలుస్తాయి. రోజూ బకెట్లతో ఆమె నడుస్తున్నదీ దాని మీదే. దాన్ని గునపంతో పొడవడం ఆమె వల్ల కాలేదు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. అడిగేవాళ్ళు ఎవరున్నారు?

మంగళవారం కొట్టం వైపునుంచి మొదలుపెట్టింది. గునపంతో పొడిచి, పారతో లాగి, తట్టకెత్తి పక్కన పోసింది. కుడి భుజం సహకరించకపోతే ఎడం చేత్తో పొడిచింది. మొదటిరోజు చేతులు బొబ్బలెక్కాయి, రెండోరోజు పగిలాయి, మూడోరోజుకి వాటి సంగతే పట్టించుకోలేదు. పక్కింటి ముసలాయన గోడ మీద గడ్డం ఆనించి రోజూ పని తనిఖీ చేసేవాడు.

“ఏమ్మా, నిధేమన్నా దొరికిందా?”

“దొరికితే మీకు చెప్పి తవ్వుతానా బాబాయ్?”

భర్త పోయాక ఆమె నోట ఎకసెక్కం రావడం అదే మొదటిసారి. తనకే వింతగా తోచి, తల వంచుకుని పని చేసుకుంది.

శుక్రవారం పొద్దున, సరిగ్గా సగం దూరంలో, గునపం ఖంగుమంది. పక్కకు జరిగి పొడిచింది. అక్కడా ఖంగుమంది. మట్టి గోకి చూస్తే కింద పరుపులా బండ, ఎడమవైపు ఎంతదూరం పోయిందో తెలియదు. మధ్యాహ్నం దాకా దాని అంచు వెతుకుతూనే ఉంది. గునపం మొన మొద్దుబారింది గానీ బండ మీద గీత కూడా పడలేదు.

అప్పుడొచ్చింది ఆడపడుచు, సంచీ భుజాన వేసుకుని. గడియారానికి చెల్లెలు, పక్క ఊళ్ళో కాపురం. వదిన ఒక్కతే పైపుకోసం తవ్వుతోందని కబురందగానే వచ్చేసింది. సంచీ గట్టు మీద పడేసి నడుం మీద చేతులేసుకుంది.

“ఇదేంటి వదినా, దారి అక్కడుంటే ఇక్కడ తవ్వుతున్నావ్? ఆ ప్లంబరు ఇక్కడే పాతాడా గూటాలు?”

“ఆఁ.”

“నీకు అబద్ధమాడ్డం కూడా రాదు. ముక్కు ఎర్రబడింది చూసుకో.”

ఆమె గునపం వదిలి గట్టు మీద కూర్చుంది. “ఆయన నడిచిన చోటు. దాన్ని కూడా తవ్వేస్తే ఇంకేం మిగులుతుంది?”

ఆడపడుచు గొంతు తగ్గలేదు. “అన్నయ్యకి ఈ దారంటే అంత ముద్దనుకుంటున్నావా? మా ఇంటికొచ్చినప్పుడల్లా మోకాళ్ళకి కాపడం పెట్టించుకునేవాడు. ‘ఆ దారి నా మోకాళ్ళు తినేసిందే చెల్లీ’ అని తిట్టుకునేవాడు. నీకు చెప్పలేదూ?”

చెప్పలేదు. సాయంత్రాలు కొట్టంనుంచి వచ్చి ఆయన పీట మీద కూర్చోవడానికి ఎంతసేపు పట్టేదో ఆమెకు గుర్తొచ్చింది. నిదానం మనిషి అనుకుంది. వయసనుకుంది. ఒకసారి “ఏంటా నాన్చుడు, అన్నం చల్లారిపోతోంది” అని కసిరింది కూడా.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే బకెట్లు నువ్వే మోస్తానంటావని. ఇంకెందుకూ?”

మూడు నెలల్లో మొదటిసారి ఆమెకు భర్త మీద కోపం వచ్చింది. పద్దెనిమిదేళ్ళు పక్కన పడుకున్న మనిషి మోకాళ్ళ సంగతి తనకి తెలియకపోవడమేంటి? ఒక్కమాట చెబితే ఈ గొయ్యి పదేళ్ళ కిందటే తవ్వేవాళ్ళం కదా ఇద్దరం కలిసి! లేచి నాలుగడుగులు వేసి, గునపం రెండు చేతులా ఎత్తి దారి నడిమధ్యన దించింది. జానెడు మందాన సిమెంటులా ఉంది. దాని కింద మట్టి మెత్తగా, తడిగా, పారకి అలవోకగా వచ్చింది.

“అదీ!” అంది ఆడపడుచు, కొంగు బిగించి పార అందుకుంటూ. “చుట్టపుచూపుగా వచ్చి నాలుగురోజులు కూర్చుని తిందామనుకున్నా. నా మొహానికి అంత రాత కూడానా!”

చీకటిపడే దాకా, మళ్ళీ శనివారం మధ్యాహ్నం దాకా ఇద్దరూ తవ్వారు. ముందు తవ్విన సగాన్ని బండ ముందునుంచి మళ్ళించి దారిలో కలిపారు. అక్కణ్ణుంచి ట్యాంకు దాకా దారి వెంటే తవ్వుకుంటూ పోయారు. కొట్టం వైపు దారి సగం మాత్రం అలాగే మిగిలిపోయింది.

ప్లంబరు వచ్చి కాలవ చూసి నోట్లో మేకులు తీసేశాడు. “ఏంటక్కా, పాముగానీ ముందు నడిచి దారి చూపించిందా?”

“పామే” అంది ఆడపడుచు. “నువ్వు గూటాలు పాతి పోయాక వచ్చింది. నువ్వు పైపు వెయ్యి.”

పైపు చివర్న జానెడే మిగిలింది. ట్యాంకు దగ్గర కుళాయి బిగించి, కొట్టంలో తొట్టికి తేలే బంతి పెట్టాడు. తొట్టి నిండితే నీళ్ళు వాటంతటవే ఆగిపోతాయి. కుళాయి తిప్పగానే పైపు దగ్గినట్టు రెండుసార్లు మూలిగి ఎర్రటి బురద కక్కింది. దూడ బెదిరి తల్లి పొట్ట కింద దూరింది. తర్వాత నీళ్ళు తేటగా, చిటికెన వేలంత లావున పడ్డాయి. ఎర్రావు వచ్చి మూతి ముంచి ఆపకుండా తాగింది. ఆమె అది తల ఎత్తే దాకా అక్కడే నిలబడింది. కాలవ పూడ్చేసరికి పొద్దు వాలింది.

బావగారి ఫోను అప్పుడే వచ్చింది.

“అమ్మాయ్, రేపు పదింటికి వస్తున్నాం. ఆవుల్ని శుభ్రంగా కడిగి ఉంచు. బేరగాడు ఒళ్ళు చూసే మనిషి, పేడ మరకలుంటే వంకలు పెడతాడు.”

“కొట్టానికి నీళ్ళొచ్చాయి బావగారూ.”

“అంటే? నిజంగా తవ్వావా?”

“మీ చెల్లెమ్మ వచ్చింది. ఇద్దరం తవ్వాం. నీళ్ళొస్తే నోరెత్తనన్నారు.”

“అదేదో మాటవరసకన్నాలే అమ్మాయ్. నీళ్ళొచ్చినా మేతో? చాకిరో? నీ మంచికే చెబుతున్నా. వాణ్ణి రమ్మనేశాను కూడా. ముందు కడిగి ఉంచు, వచ్చాక మాట్లాడుకుందాం.” ఫోను పెట్టేశారు.

బావగారి ముందు ఆమె ఎప్పుడూ కాదనలేదు. ఫోన్లో కూడా కాదనలేదు. వంటింట్లోకి వెళ్ళి రాత్రికి వండింది.

ఆదివారం పొద్దున తొట్టి నిండి బంతి తేలుతోంది. ఆమె పాలు పితికింది. పేడ ఎత్తింది. మేత వేసింది. దూడను విడిచి మళ్ళీ కట్టింది. ఎర్రావు డొక్క మీద పేడ ఎండి అట్టకట్టి ఉంది. తెల్లావు పూడ్చిన కాలవ తొక్కినట్టుంది, మోకాళ్ళ దాకా బురద.

ఆడపడుచు గుమ్మంలో నిలబడి చూసింది. “పెద్దన్నయ్య కడగమన్నాడు కదా, పదవుతోంది. నీళ్ళు కూడా ముంగిట్లోనే ఉన్నాయి. బ్రష్షు ఇలా ఇవ్వు, నేనొకటి కడుగుతా.”

“వద్దు. సాయంత్రం కడుక్కోవచ్చు.”

“సాయంత్రం దాకా ఉంటాయంటావా?”

“ఉంటాయి.”

గేటు బయట స్కూటరు ఆగింది. బావగారి గొంతు, వెనక ఇంకెవరిదో దగ్గు. ఆమె బ్రష్షును చూరులో దోపి, తొట్టి దగ్గర వంగి చేతులు కడుక్కుని, గేటు తీయడానికి వెళ్ళింది.