ఏదీ తేల్చని జగన్నాధం మాస్టారు

జగన్నాధం మాస్టారి నోట "అవును" గానీ "కాదు" గానీ విన్నవాళ్ళు శ్రీకాకుళంలో లేరు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. అణువు లోపలికి వెళ్ళేకొద్దీ ప్రకృతే ఏదీ ఖాయంగా చెప్పదట, మరి తనెందుకు చెప్పాలని ఆయన వాదన. ఆయన దగ్గర చదువుకుని, ఆయన వీధిలోనే కాపురం పెట్టిన పాపానికి రోజూ వింటున్నాను.

ఒకసారి ఆమదాలవలస స్టేషన్లో కూర్చున్న మాస్టారి దగ్గరికి ఒకాయన రొప్పుతూ వచ్చాడు. "విశాఖ పాసింజరు ఎల్లిపోనాదా బాబూ?"

"నేను వచ్చాక వెళ్ళలేదు."

"అయితే వస్తాదన్నమాట!"

"నిన్న వచ్చింది, మొన్నా వచ్చింది. అంతమాత్రాన ఇవాళ వస్తుందని ఏ సూత్రం చెప్పింది?"

ఆయన బస్సు కోసం బయటికి పరిగెత్తాడు. ఇటు రైలొచ్చింది.

ఎదురింటి యమునగారు కూతురికొచ్చిన సంబంధం గురించి అడిగారు. కుర్రాడు మాస్టారి శిష్యుడే. "నేను చూసినప్పుడల్లా బుద్ధిమంతుడే. చూడనప్పుడు ఎలా ఉంటాడో..." అంటూ మాస్టారు ఆగారు. సంబంధమూ అక్కడే ఆగింది.

భార్య హైమగారు కూరలో ఉప్పు సరిపోయిందా అంటే, "నాలుక చెప్పేది కూర సంగతా, నాలుక సంగతా?" అన్నారట. ఆవిడ కంచం తీసేసి, "అది తేలాక తిందురుగాని" అన్నారు.

వీధిలో చేపలమ్మే కూర్మమ్మకి మాత్రం ఆయనంటే గురి. "ఈ బాబు అబద్దం ఆడ్డు. నిజవూ ఆడ్డు" అనేది.

పోయిన వానాకాలం తుఫానులో ఆమె మొగుడు గంగులు పడవ తిరగబడింది. తోటివాళ్ళు ఈదుకొచ్చారు. గంగులు రాలేదు. రోజులు గడిచాయి. మాస్టారూ నేనూ శ్రీకూర్మం దాటి, తీరంలో ఉన్న వాళ్ళ ఊరు వెళ్ళాం. గుమ్మంలో పెద్దలు చేరి ఉన్నారు. కూర్మమ్మ గాజుల చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చుంది.

గంగులు తమ్ముడు నాగబాబు చేతులు జోడించాడు. "సదూకున్నోరు, మీరైనా సెప్పండి బాబూ. అన్నింక రాడు. గాజులు తియ్యనీదు ఒదిన. దినాలు జరక్కపోతే ఆడి పేణం ఎక్కడ తిరుగుతాదో..."

"ఎవరైనా చూశారా?" అన్నారు మాస్టారు.

"సముద్రంలో ఏటి సూస్తాం?"

"చూడనిదాన్ని మనం తేల్చకూడదు."

"బతికున్నాడంతారా?"

"అనను."

"పోనాడంతారా?"

"అదీ అనను."

"మరేటంతారు!" అని అరిచాడొక పెద్ద.

"కూర్మమ్మ ఏమంటే అది."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఇన్నాళ్ళలో ఆమెని అడిగినవాళ్ళు లేరు కాబోలు. "నానింకా ఎదురు సూస్తాను" అంది. పెద్దలు గొణుక్కుంటూ లేచారు.

తిరుగుదారిలో ఆటోలో నేను ఉండబట్టలేకపోయాను. "నిజంగా మీకేమీ అనిపించలేదా మాస్టారూ?"

"లెక్క వేశాను రా. గాలి, అలలు, మనిషి ఓపిక. బతికుండే అవకాశం చాలా తక్కువొచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"సున్నా రాలేదుగా. ఆ మిగిలినదాంట్లో ఆవిణ్ణి ఉండనీ. అందులోంచి లాగెయ్యడానికి మనకేం తొందర?"

అంటే ఇన్నేళ్ళూ ఆయన ఏదీ తేల్చనిది తెలియక కాదు.

ఆ నెలాఖరుకి గంగులు రైలు దిగాడు, ఎవరిదో లుంగీతో, పెరిగిన గడ్డంతో. ఒరిస్సా చేపల ట్రాలరు వాళ్ళు పైకి లాగారట. అక్కడి ఆసుపత్రిలో జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడున్నాడట. తెలివొచ్చేసరికి ఫోను సముద్రం పాలు, నంబరొక్కటీ నోటికి రాదు.

మర్నాడే మొగుడూ పెళ్ళాలు మాస్టారింటికి వచ్చారు. గంగులు అరుగు మీద కూర్చుంటూ అడిగాడు. "నాను బతికున్నానని మీకెలా తెలిసినాది బాబూ?"

"నాకు తెలీదు గంగులూ."

గంగులు ఆయన్ని తేరిపార చూశాడు. "ఆ నీళ్ళల్లో నాకూ తెల్లేదు బాబూ. ఉన్నానో, పోనానో!"

మాస్టారు లేచి అతని భుజం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. గంగులుకీ నవ్వు ఆగలేదు. "సరిపోనారు ఇద్దరికిద్దరూ" అంటూ కూర్మమ్మ హైమగారి చేతిలోంచి టీ గ్లాసులు అందుకుంది. గలగలమన్నది గ్లాసులో, గాజులో!