మేకు కొట్టబోతే కిటికీ

మా పెదనాన్న ముప్పై రెండేళ్లుగా ఊరి చర్చిలో గంట కొడుతున్నాడు. అంతటి మనిషి ఇంట్లో మాత్రం ఒక్క మేకు కొట్టడు. గోడ పాడవుతుందంటాడు. అందుకే పెద్దమ్మ పుట్టింటివాళ్లిచ్చిన గోడ గడియారం ఏళ్ల తరబడి బీరువా మీద వెల్లకిలా పడుకుని ఉంది. టైం చూడాలంటే స్టూలెక్కాలి.

గంట కొట్టడం ఆయన పని. చర్చి చూపించడం ఆయన ప్రాణం. ఎవరొచ్చినా వదలడు. కప్పు చెక్కలు తిరగేసిన పడవలా ఎందుకున్నాయో, కుడివైపు ఆరు స్తంభాలుంటే ఎడమవైపు ఐదే ఎందుకున్నాయో, గంట గోపురం చర్చికంటే ఎన్నేళ్లు చిన్నదో పూసగుచ్చినట్టు చెబుతాడు. చివరికి దక్షిణపు గోడలో గుమ్మడికాయంత గుండ్రటి కిటికీ దగ్గర ఆగుతాడు. మొదటి ఫాదర్ మంచాన పడ్డాక, అప్పట్లో పక్కనుండే తన గదిలోంచే పీఠాన్ని చూసుకోవాలని దాన్ని తొలిపించుకున్నాడట. అక్కడ వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. పెదనాన్న కూడా తుడుచుకుంటాడు.

పోయినేడు ఫాదర్ గారు చర్చి చరిత్రను పుస్తకంగా వేయిద్దామని, పాత కట్టడాల గురించి చదువుకున్న ఇంజనీరమ్మను పిలిపించారు. ఇకమీదట ఆ పుస్తకంలో ఉన్నదే చెప్పాలి, లేనిది చెబితే చర్చి చూపించే పని ఇంకొకరికి ఇస్తానని పెదనాన్నతో ఖరాఖండిగా అనేశారు.

ఇంజనీరమ్మ టేపు పట్టుకుని మూడు రోజులు కొలిచింది. ఎడమవైపు స్తంభం తగ్గింది రాయి చాలకేనని తేల్చింది. పెదనాన్న చెప్పేదీ అదే. తన మాట నిజమైనందుకు అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆయనే. నాలుగో రోజు ఆవిడ గుండ్రటి కిటికీ అంచు గీకి చూసింది. చర్చి అంతా సున్నంతో కడితే ఇక్కడ సిమెంటు ఎందుకుందని అడిగింది.

"గొడుగు తగిలించుకుందామని మేకు కొట్టానమ్మా," అన్నాడు పెదనాన్న.

పనిలో చేరిన మొదటి వారం సంగతి అది. మేకు దెబ్బకు ఒక రాయి కదిలింది, దాని వెనక రాయి అవతలికి పడింది. ఎంత సర్దినా కుదరక, కంతను గుండ్రంగా చేసి సిమెంటు పూసేశాడు. మర్నాడు అప్పటి ఫాదర్ ఇదేమిటని అడిగారు. ఆయనా ఊరికి కొత్తే. ఉద్యోగం పోతుందన్న భయంలో మంచాన పడ్డ ఫాదర్ కథ నోటికొచ్చేసింది. ఊళ్లోవాళ్లేమో ఆ కిటికీని ఇన్నాళ్లూ తామే గమనించలేదనుకుని, బయటికి అంటే పరువు పోతుందని ఊరుకున్నారు. ఇదంతా విన్నాక నాకు ఆయన మీద జాలేసింది, నవ్వు మాత్రం ఆగలేదు.

పుస్తకం అచ్చయి వచ్చింది. పెదనాన్న దాన్ని ముట్టుకోలేదు. పెద్దమ్మే కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది.

"దక్షిణపు గోడలోని గుండ్రటి కిటికీ, గంట కొట్టే ఆయన మేకు కొట్టబోయి చేసినది. మధ్యాహ్నపు ఎండ పీఠం మీద పడేది దీనిలోంచి మాత్రమే. చర్చి కట్టినవాళ్లకు ఈ ఆలోచన తట్టలేదు."

పెద్దమ్మ పుస్తకం మూసి, స్టూలెక్కి గడియారం దించింది. సుత్తీ మేకూ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇప్పుడు కొట్టండి. గోడ ఊడితే అదీ పుస్తకంలో వేయిద్దాం," అంది.

కొట్టాడు. గోడ ఊడలేదు గానీ గడియారం వంకరగా వేలాడుతోంది. చర్చిలో ఇప్పుడు ఆయన చెప్పేది మేకు కథే. వచ్చినవాళ్లు ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటున్నారు, నవ్వలేక. ఇంటికొచ్చి గడియారం వంకరెందుకని అడిగినవాళ్లకు మాత్రం, మొదటి ఫాదర్ మెడ కాస్త ఎడమపక్కకు వాలి ఉండేదని మొదలుపెడతాడు.