అమ్మకు కంప్యూటరిచ్చిన మార్కులు

మా అమ్మ తల మీద చేయి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. గండికోట చూడవచ్చిన వాళ్లకు ఆ లోయను మా ముత్తాత గొర్రెలకు నీళ్లు తాపడానికి తవ్వించాడని నమ్మించినవాణ్ణే, కాదనను. కానీ ఇప్పుడు ఒట్టు పెడుతున్నది అమ్మ తల మీద. చెప్పబోయేదీ ఆ తల గురించే.

అమ్మ జమ్మలమడుగులో మిషన్ బడి టీచరుగా చేసి రిటైరైంది. మా బంధువుల్లో ఎవరింట్లో ప్రార్థన కూడిక జరిగినా, పాస్టరు వాక్యం చెప్పాక, ఆ ఇంటివాళ్లను పేరుపేరునా దేవుడికి అప్పగించే పని ఆమెదే. కళ్లు మూసుకుని, కాగితం లేకుండా, ఇంటి పెద్ద నుంచి పాలు తాగే పిల్ల దాకా ఒక్కొక్కరి పేరూ పిలిచి, వాళ్ల కష్టం చెబుతుంది. ప్రతి పేరుకూ అందరూ ‘ఆమేన్’ అనాలి. అది వినబడేదాకా అమ్మ తర్వాతి పేరుకు పోదు. రిటైరయ్యాక ఆమెకు మిగిలిన పెద్దరికమంతా అదే.

పొయ్యి మీద పాలు మరిచిపోవడం, చెప్పిందే మళ్లీ చెప్పడం మొదలయ్యాక ప్రొద్దుటూరు తీసుకుపోయాను. డాక్టరు పరీక్షలు చేసి, ఇది ఇంకా మతిమరుపు జబ్బు కాదు, దాని గడప అన్నాడు. గడప దాటకుండా ఆపగలమేమో చూద్దామని, ఆసుపత్రి మేడ మీద కంప్యూటరుతో మెదడుకు కసరత్తు చేయించే గదికి పంపాడు.

మెట్లెక్కుతూ అమ్మ అంది: “నా ప్రార్థన పోకుంటే చాలు రా. పాలు పొంగితే పొంగనీ.”

మంగళ, శుక్రవారాలు బస్సులో పోయేవాళ్లం. తెర మీద బోర్లించిన ముక్కలుంటాయి. వేలితో తాకితే ఒకదాని కింద చిలుక, ఇంకోదాని కింద గొడుగు. ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకుని జతలు కలపాలి. మొదట్లో చిలుకలన్నీ ఎగిరిపోయాయి. పోనుపోను అమ్మ వేలు తడుముకోవడం మానేసింది. జత కలిసినప్పుడల్లా కంప్యూటరు చప్పట్లు కొట్టేది.

“సూపర్ అవ్వా! మా కంటే ఫాస్టుగా ఆడ్తాండావే!” అనేది ఆ గదిలో పనిచేసే అమ్మాయి.

“చప్పట్లు ఎవురికి కావల్ల పాపా? మార్కులెన్నో చెప్పు,” అనేది అమ్మ.

ఒకరోజు ఆ అమ్మాయి ఒక కాగితం అచ్చువేసి ఇచ్చింది. అందులో ఆమె మార్కులు చూపే పచ్చ గీత ఒకటి పైపైకి పోయింది. అమ్మ దాన్ని బైబిల్లో దాచుకుంది. నేనూరుకుంటానా? అమ్మ ధాటికి కంప్యూటరు ఆయాసపడి మంచినీళ్లడిగిందని జమ్మలమడుగు బస్టాండంతా చాటాను.

డాక్టరు మాత్రం గీత చూసి, “ఆట బాగా వచ్చిందమ్మా. ఇంటికాడ ఎట్లుండారనేది వేరేగా చూడల్ల,” అన్నాడు.

బయటికొచ్చాక అమ్మ మండిపడింది. “ఫుల్ మార్కులొచ్చినంక మళ్ల చూసేదేంది? నేనెంతమందికి మార్కులేసినానో ఆయప్పకేం తెల్సు?”

అప్పటికి ఇంట్లో ఆమె కళ్లజోడు ఉప్పు డబ్బాలో దొరుకుతోంది.

అంతలో పులివెందుల నుంచి ఫోను. అక్కడ ఉండే మా చిన్నమ్మ, అమ్మకు సొంత చెల్లెలు. చిన్నాయన పునాది వేయించి, గోడలు లేస్తుండగానే పోయాడు. కొడుకు ఆ ఇల్లు పూర్తిచేశాడు. గృహప్రతిష్ఠ ప్రార్థనలో నువ్వే అప్పగించల్ల అక్కా, అంది చిన్నమ్మ.

బయలుదేరే ముందు నసిగాను. “మా, పేర్లు కాగితం మీద రాసిచ్చేదా?”

“కంప్యూటరే నన్ను పాస్ చేసినాక, నువ్వు కాపీ కొట్టను స్లిప్పులందిస్తావా రా?”

షామియానా కింద కుర్చీలు నిండాయి. పాస్టరు వాక్యం ముగించి కూర్చున్నాడు. అమ్మ లేచి, కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుంది. గొంతు ఏమాత్రం వణకలేదు. ఇంటి పెద్దతో మొదలుపెట్టింది. చిన్నాయన పేరు పిలిచింది.

“తండ్రీ, నీ బిడ్డకు మోకాళ్ల నొప్పులు శానా ఉండాయి. ఈ కొత్తింటి మెట్లు ఎక్కి దిగే బలం దయచేయి.”

ఆయన సమాధి దగ్గర ప్రార్థన చేసింది కూడా అమ్మే.

షామియానా కింద ఒక్కరూ కదల్లేదు. అప్పుడు ముందు వరుసలో నుంచి చిన్నమ్మ “ఆమేన్” అంది. గట్టిగా, అందరికీ వినబడేటట్టు. అమ్మ తర్వాతి పేరుకు పోయింది.

ఆ ఆమేన్ నేను కల్పించింది. దాని తర్వాత అమ్మ పిలిచిన పేరూ కల్పితమే. తక్కినదంతా జరిగింది.

చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మ కళ్లు తెరవకుండా ఆమేన్ కోసం అట్లాగే ఆగింది. చివరికి చిన్నమ్మ కొడుకు వచ్చి, “ఇంక చాల్లే పెద్దమ్మా, కూచో,” అని భుజం పట్టి కూర్చోబెట్టాడు. మిగిలిన పేర్లు పాస్టరు అడిగి తెలుసుకుని ముగించాడు.

తిరుగు బస్సు ముద్దనూరు దాటాక అమ్మ అడిగింది: “ఎవురూ ఆమేన్ అనలేదేమి రా?”

“చిన్నమ్మ అనింది మా. నీకు ఇనపడలేదంతే.”

“బొమ్మలు బట్టీ కొట్టినాను రా ఆ మేడ మీద,” అంది అమ్మ, కిటికీలోంచి చూస్తూ. “బట్టీ కొట్టినోళ్లకు నేనెప్పుడూ మార్కులేయలేదు.”

ఆ తర్వాత ఆ మేడ ఎక్కలేదు. బంధువులు ఇప్పటికీ కూడికలకు పిలుస్తారు, అమ్మకు ముందుగా విస్తరి వేస్తారు, పేర్లు మాత్రం ఇంకెవరో చదువుతారు. అన్నం తిన్న సంగతి మరిచిపోయే అమ్మకు పులివెందుల మాత్రం గుర్తే. చిన్నమ్మ అనిందా రా, అని అడుగుతూనే ఉంటుంది. అనింది మా, అంటాను. రోజూ చెప్పే మాట కదా, రాసేటప్పుడూ చేయి అదే రాసింది.